నలభై సైజు మనిషి

దోహాలో నేను పనిచేసిన కొట్టు అల్ మన్సూరాలో ఉండేది. కింద కొట్లు, పైన ఇళ్ళు ఉన్న పాత బిల్డింగు. మగవాళ్ళ బట్టలు మాత్రమే అమ్మేవాళ్ళం. వచ్చేవాళ్ళు దాదాపు అందరూ ఇండియా వాళ్ళే. ఏ రంగులు తెప్పించాలి, ఏ కాలరు, ఏ సైజులో ఎన్ని అన్నది తేల్చడం నా ఉద్యోగం. ఆడదానివి, మగవాళ్ళ చొక్కాలు నువ్వు ఎంచడమేమిటే అని మా అత్తగారు ఫోన్లో నవ్వేవారు. నాకు మాత్రం అందులో వింతేమీ లేదు. చీరాలలో మా నాన్న హోల్‌సేల్ బట్టల కొట్లో గుమాస్తా. బడి అయ్యాక ఆ కొట్లోనే తాన్ల పక్కన కూర్చుని ఎక్కాలు చదువుకున్నదాన్ని. గుడ్డను వేళ్ళ మధ్య నలిపి వదిలితే అది ఎన్నాళ్ళు ఆగుతుందో చెప్పగలను. మనిషి గుమ్మంలోకి వస్తుండగానే కాలరు ఎంతో, నడుము ఎంతో మనసులో లెక్క కట్టేయడం నా అలవాటు. ఆ అలవాటుకు నేనే భయపడ్డ కాలం ఒకటుంది. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం స్టేడియాలు లేస్తున్న కాలం అది.

కొట్టు యజమాని మలయాళీ. అందరం ఆయన్ని ముతలాళి అనేవాళ్ళం. మంచివాడే, మాట తక్కువ. నన్ను పనిలో పెట్టుకున్న రోజున షెల్ఫుల్లో మిగిలిపోయిన సరుకు చూపించి, "ఇండియా వాళ్ళకని తెప్పించాను, ఇండియా వాళ్ళే కొనడం లేదు" అన్నాడు. చూడగానే కారణం తెలిసింది. ఇండియా వాళ్ళంటే అందరూ ఒకటే అనుకుని కొన్న సరుకది. కేరళ వాళ్ళకు లేత రంగులు కావాలి, గుడ్డ మెత్తగా ఒంటిని అంటకుండా ఉండాలి. తమిళుల్లో పెద్దవాళ్ళు తెల్ల చొక్కా తప్ప ముట్టుకోరు. మా ఆయన లాంటి ఆఫీసు తెలుగువాళ్ళు ఇస్త్రీ అక్కర్లేని నీలం చొక్కాలు రెండు తీసుకుని పది నిమిషాల్లో వెళ్ళిపోతారు. క్యాంపుల్లో ఉండే తెలంగాణ వాళ్ళ సంగతి వేరు. ముదురు మెరూన్, బాటిల్ గ్రీన్, కొంచెం మెరుపు, కాలరు లోపలివైపు వేరే రంగు గుడ్డ. జేబు తప్పనిసరి, జేబుకు గుండీ ఉంటే ఇంకా మంచిది, బతాకా అనే అక్కడి గుర్తింపు కార్డు జారిపోకుండా. రోజూ దుమ్ములో నీలం కవరాల్ తొడుక్కునే మనిషి ఊరికి వెళ్ళేటప్పుడు ఎందుకు లేత రంగు కొంటాడు? వాళ్ళు తమకు ఒకటి కొంటే, అన్నకు, బావమరిదికి, మేనల్లుడికి నాలుగు కొంటారు. ఫోన్లో ఫోటో చూపించి, "గీయనకు ఏ సైజు వస్తదక్కా?" అని అడుగుతారు. నేను ఫోటో చూసి చెప్పేదాన్ని. ఊరి నుంచి తప్పు పట్టిన కబురు ఎప్పుడూ రాలేదు.

చిక్కంతా కొలతల దగ్గర వచ్చేది. తిరుపూర్ నలభై వేరు, టర్కీ నలభై వేరు. కొట్లో ఉన్న ప్లాస్టిక్ బొమ్మకు దొరల భుజాలు. దానికి తొడిగితే అన్నీ బాగానే ఉండేవి, మనవాళ్ళు తొడిగితే చంకల్లో పట్టేసేవి. శాంపిల్ వచ్చినప్పుడు తొడిగి చూడడానికి నిజమైన మనిషి ఒకడు కావలసి వచ్చింది.

అతను ఒక శుక్రవారం దొరికాడు. జుమ్మా నమాజు అయ్యేదాకా మా షట్టరు సగం దించి ఉండేది. అది లేవగానే, గోడ నీడన ఆగి ఉన్నవాళ్ళంతా ఒక్కసారి లోపలికి వచ్చేవారు. మాల్స్‌లోకి ఆ రోజు కుటుంబం వెంట లేని మగవాళ్ళను రానిచ్చేవారు కాదు, అందుకని వాళ్ళ బజారంతా మన్సూరాలోనే. అతను తన రూము వాళ్ళతో వచ్చి, కొత్తగా వచ్చిన మెరూన్ చొక్కా ఒకటి తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద ఆగింది. కఫ్ మణికట్టు దగ్గర ఆగింది. వీపు మీద ఒక్క మడత లేదు.

"గిది నా కోసమే కుట్టిండ్రక్కా" అన్నాడు నవ్వుతూ.

జగిత్యాల దగ్గర పల్లె. ముప్ఫై దాటి ఉంటాయి. స్టేడియం పనిలో స్టీల్ ఫిక్సర్. కాంక్రీటు పోసే ముందు ఇనుప చువ్వలు వంచి, తీగతో కట్టే పని. క్యాంపు మెసైమీర్ అవతల. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా తొడిగి చూపిస్తావా, ఒక చొక్కా ఊరికే ఇస్తాను అని అడిగితే, రూము వాళ్ళంతా ఈలలు వేశారు. "మావోడు సినిమా హీరో అయిండు" అని ఒకడు అరిచాడు.

అలా ఏడాదికి పైగా నడిచింది. అతను తొడిగి చేతులు పైకి లేపేవాడు, వంగేవాడు, కూర్చునేవాడు. నేను దూరం నుంచి చూసి, ఫలానా చోట అంగుళం వదలాలి అని తిరుపూర్ ఏజెంటుకు రాసేదాన్ని. అతనికి సరిపోయిన చొక్కా మా కొట్లో మిగిలేది కాదు. తన ఊరి కబుర్లు చెప్పేవాడు. కొడుక్కి క్రికెట్ పిచ్చి అట, నాన్న కట్టేది ఫుట్‌బాల్ స్టేడియం అని వాడికి చిన్నతనంగా ఉందట. "వాళ్ళమ్మకైతే నేను దుబాయ్‌ల ఉన్న అంతే. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా దుబాయే" అనేవాడు.

మరుసటి ఎండాకాలం చాలా పాడుగా గడిచింది. కొట్టు గాజు తలుపు మీద చెయ్యి ఆనించలేకపోయేవాళ్ళం. శుక్రవారాలు మనుషులు తగ్గారు. వచ్చినవాళ్ళు బట్టలు చూడకుండా ఏసీ కింద నిలబడేవారు, ముతలాళి చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. దీపావళి శాంపిల్స్ వచ్చేసరికి ఎండ కాస్త తగ్గింది. అతనికి కబురు పెట్టాను.

గుమ్మంలో అతన్ని చూసి ఒళ్ళు చేశాడనుకున్నాను. బుగ్గలు నిండుగా ఉన్నాయి, కళ్ళ కింద ఉబ్బుగా ఉంది. ఏం తమ్ముడూ, మెస్సులో వంటవాడు మారాడా అని హాస్యం కూడా ఆడాను. అతను నవ్వి చొక్కా తీసుకుని ట్రయల్ రూములోకి వెళ్ళాడు. బయటికి వచ్చేసరికి భుజం కుట్లు చేతుల మీదికి జారి వేలాడుతున్నాయి. వీపు మీద గుడ్డ సంచిలా ఊగుతోంది.

తిరుపూర్ వాళ్ళ మీద నాకు కోపం వచ్చింది. చెప్పకుండా కొలతలు మార్చేశారు అనుకున్నాను. అక్కడికక్కడే ఏజెంటుకు ఫోన్ చేశాను. అతను ఒట్టు పెట్టుకున్నాడు, మేడమ్, అదే ప్యాటర్న్, అదే కటింగ్ మాస్టర్ అన్నాడు. చొక్కా బల్ల మీద పరిచి టేపు పెట్టాను. ఛాతీ సరిపోయింది. భుజం సరిపోయింది. అంగుళంలో పావు వంతు కూడా తేడా లేదు. అప్పుడు కొలత కోసం దాచి ఉంచిన పాత శాంపిలు, మొదటి రోజు అతనికి అతికినట్టు సరిపోయిన అదే మెరూన్ చొక్కా నలభై సైజుది తీసి ఇచ్చాను.

అదీ అలాగే వేలాడింది.

మా కొట్లో ఆల్టరేషన్లు చేసే లక్నో పెద్దాయన ఉండేవాడు. అందరం మాస్టర్‌జీ అనేవాళ్ళం. ఆయన కుట్టుమిషను ఆపి లేచి వచ్చాడు. నేను అడగకుండానే మెడలోంచి టేపు తీసి అతని ఛాతీ చుట్టూ చుట్టి, కళ్ళజోడు పైకి లాక్కుని చూశాడు. మళ్ళీ చుట్టాడు. నా వైపు తిరిగి, "ఛత్తీస్" అని మెల్లగా అన్నాడు. ముప్ఫై ఆరు. రెండు సైజులు కిందికి వచ్చేశాడు మనిషి.

"ఎండకు కరిగిన అక్కా, ఏం గాలే. చలికాలం మళ్ళ వస్తది" అన్నాడు అతను.

"మరి మొహం ఎందుకు అలా ఉబ్బింది?"

"పొద్దుగాల అట్లనే ఉంటది. కాళ్ళు గూడ గంతే. సూడు." బల్ల మీద కూర్చుని ప్యాంటు కాస్త పైకి లాగి, మడమ పైన బొటనవేలితో ఒత్తి తీశాడు. ఒత్తిన చోట గుంట పడింది. అది నిండడానికి చాలాసేపు పట్టింది. "మా రూముల గిదొక ఆట. ఎవరి గుంట ఎంతసేపు ఉంటదో సూస్తం. నాదే ఫస్ట్."

అతని వెనక నిలబడ్డ ఇద్దరు రూము వాళ్ళు నవ్వారు. నేను వాళ్ళ మొహాలు చూశాను. వాళ్ళ కళ్ళ కింద కూడా అదే ఉబ్బు. వాళ్ళ కాలర్లు కూడా మెడ చుట్టూ వదులుగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ వాళ్ళ వైపు సరిగ్గా చూడలేదు, వాళ్ళకు నేను శాంపిల్స్ తొడగలేదు కదా.

నీళ్ళు తాగుతున్నావా అని అడిగాను. తాగితే మాటిమాటికి దిగాలి, పైనుంచి దిగి వెళ్ళి రావడానికి ఫోర్‌మన్ ఒప్పుకోడు అన్నాడు. నడుము నొప్పికి మాత్ర వేసుకుంటానని జేబులోంచి సగం ఖాళీ అయిన స్ట్రిప్ తీసి చూపించాడు. అది రోజూ అట.

ఇంటికి వెళ్ళాక మా ఆయనకు చెప్పాను. ఆయన ఒక కన్సల్టెన్సీలో క్వాంటిటీ సర్వేయరు. సైట్ల సంగతి నా కంటే తెలిసినవాడు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది.

"కిడ్నీలయి ఉంటాయి" అన్నాడు. "మా సైట్లో కూడా ఇద్దర్ని పంపేశారు ఈ మధ్య."

"పంపేశారంటే?"

"ఇంటికి. కంపెనీకి క్లినిక్ ఉంటుంది, వాళ్ళు చూసుకుంటారులే. నువ్వు మధ్యలో దూరకు. వాడికే ఇబ్బంది అవుతుంది."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు, అదే నన్ను ఎక్కువ బాధ పెట్టింది.

తర్వాతి శుక్రవారం అతను రాలేదు. ఆ తర్వాతిదీ రాలేదు. రూము వాళ్ళూ రాలేదు. షట్టరు లేచినప్పుడల్లా గుమ్మం వైపు చూసేదాన్ని. ఎవరెవరో వచ్చేవారు. నేను అలవాటుగా కొలతలు లెక్క కట్టేదాన్ని, వద్దనుకున్నా కట్టేదాన్ని. మనిషి ముప్ఫై ఎనిమిది, ఒంటి మీది చొక్కా నలభై రెండు. నడుము ముప్ఫై, బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త కన్నం. అంతకు ముందూ అలాగే ఉండేవారా, నాకే ఇప్పుడు కనిపిస్తోందా అన్నది తేలేది కాదు. మాస్టర్‌జీ దగ్గర ప్యాంట్ల నడుములు బిగించే పని పేరుకుపోయింది.

ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"డ్యూటీ ఉన్నదక్కా. శుక్రారం గూడ ఓటీ. తొందరగ అయిపోవాలె అంటుండ్రు, యల్లా యల్లా అని ఒక్కటే లొల్లి" అన్నాడు. గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. తిన్నావా అంటే, తింటే కడుపులో ఆగడం లేదన్నాడు.

చివరికి ఒక శుక్రవారం ఒక్కడే వచ్చాడు. మెట్టు ఎక్కి తలుపు పట్టుకుని ఆగిపోయాడు. మెత్తటి చొక్కా ఏదైనా ఉందా అని అడిగాడు. ఏది తొడిగినా ఒళ్ళంతా దురద పెడుతోందట. మోచేతుల మీద గోళ్ళ గీరలు ఉన్నాయి. కేరళ వాళ్ళ కోసం తెప్పించిన లేత రంగు కాటన్ ఒకటి ఇచ్చాను. రంగు చూసి కూడా వద్దనలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

"ఆస్పత్రికి పోదాం పద" అన్నాను.

"వద్దక్కా. మెడికల్ల ఫెయిలైతే పంపిస్తరు."

"పంపితే పంపుతారు. వెళ్దువుగాని. మనిషివి ఉండాలి కదా ముందు?"

"గింత పని చేసి, అది అయిపోంగ సూడకుంట పోవాల్నా? లైట్లు ఏసినంక ఒక్కసారి సూసి పోత."

మా ఆయనకు ఫోన్ చేసి కారు తీసుకుని రమ్మన్నాను. అరగంటలో వచ్చాడు. కొట్లోకి వచ్చి అతన్ని ఒక్కసారి చూశాడు. "లే తమ్ముడూ, కూర్చోబెట్టి తీసుకెళ్తాను" అని భుజం కింద చెయ్యి వేసి లేపాడు. మధ్యలో దూరకు అన్న మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

కూలీల కోసం ఉన్న క్లినిక్కులో డాక్టరు మన దేశపాయనే. నన్ను చూసి, మీరేమవుతారు అన్నాడు. బట్టల కొట్టు అన్నాను. ఆయన తలెత్తి చూశాడు. రెండు సైజులు తగ్గాడు డాక్టర్, మొహం మాత్రం ఉబ్బింది అని చెప్పాను. అప్పుడు కలం కింద పెట్టి, అతని కాలి మీద బొటనవేలితో ఒత్తాడు. అదే గుంట. డాక్టరు నవ్వలేదు. రక్తం తీయించాడు. సాయంత్రంలోపే అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపించారు. రెండు కిడ్నీలూ దాదాపు పోయాయని, ఆ రాత్రి నుంచే డయాలిసిస్ మిషను మీద పెడతారని చెప్పారు.

కొన్ని వారాలకు అతను మళ్ళీ కొట్టుకు వచ్చాడు. మంగళవారమో బుధవారమో. శుక్రవారం కాని రోజున అతన్ని చూడడం అదే మొదటిసారి. డయాలిసిస్ గొట్టం వేసిన చోట, మెడ దగ్గర కట్టు ఉంది. కంపెనీ టికెట్ ఇచ్చింది, ఎల్లుండి ప్రయాణం అన్నాడు. ఊరికి బట్టలు తీసుకోవాలి.

చాలాసేపు ఎంచాడు. కొడుక్కి చెక్స్. బావమరిదికి బాటిల్ గ్రీన్. తమ్ముడికి తెలుపు చూపిస్తే, "వద్దక్కా, తెల్లది మంచిగుండదు" అని గబుక్కున పక్కకు తోశాడు. ఆఖరుకు తనకు అని మెరూన్ తీశాడు. నలభై.

"ముప్ఫై ఆరు తీసుకో తమ్ముడూ. ఇది వదులవుతుంది."

"నలభయే ఇయ్యి. నేను గిట్లనే ఉంటనా ఏంది? మళ్ళ నిండుత."

నేను మాస్టర్‌జీ వైపు చూశాను. ఆయన తల దించుకుని మిషను చక్రం ఊరికే తిప్పుతున్నాడు. నలభయే ప్యాక్ చేశాను. ముతలాళి కౌంటరు నుంచి లేచి వచ్చి, సంచి తనే పట్టుకుని బయట టాక్సీ దాకా వెళ్ళాడు. ఏ కస్టమరుకూ ఆయన అలా చేయగా నేను చూడలేదు.

ఆ తర్వాతి సీజను ఆర్డరుకు కూర్చున్నప్పుడు ముతలాళి అమ్మకాలు చూసి, "చిన్న సైజులు బాగా పోతున్నాయి. ముప్ఫై ఆరు, ముప్ఫై ఎనిమిది పెంచు. నలభై రెండు తగ్గించు" అన్నాడు.

ఎందుకు పోతున్నాయో తెలుసా మీకు అని అడిగాను. నా గొంతు పెరిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"తెలుసు" అన్నాడు. "ఇక్కడికి వచ్చినప్పటి నుంచి బట్టలే అమ్ముతున్నాను. పెద్ద పని ఏది మొదలైనా రెండో ఏటికి ఇలాగే అవుతుంది. వదులు బట్టలు పెడితే వాళ్ళు తొడుక్కోలేరు కదా. మరి ఏం చేద్దాం?"

ఆర్డరు ఆయన చెప్పినట్టే వెళ్ళింది. ఆ సరుకంతా అమ్ముడుపోయింది. అయితే తర్వాతి ఎండాకాలం నుంచి తలుపు పక్కన నీళ్ళ కూలరు ఒకటి వెలిసింది. కాళ్ళు వాచాయా అని నేను చొక్కాలు కొనేవాళ్ళను కూడా అడగడం మొదలుపెట్టాను. కొందరు నవ్వేసేవారు. కొందరు మాత్రం చప్పున ప్యాంటు కిందికి లాక్కునేవారు. ఒకరిద్దరు నా మాట విని క్లినిక్కుకు వెళ్ళారు.

ప్రపంచ కప్పు మొదలైన చలికాలం కొట్లో చొక్కాలు ఎవరూ అడగలేదు. అర్జెంటీనా, బ్రెజిల్ జెర్సీల కోసం మలయాళీ కుర్రాళ్ళు గుమ్మం బయటి దాకా నిలబడ్డారు. ఊరంతా దీపాలు, జెండాలు. శుక్రవారం గోడ నీడన మాత్రం ఎవరూ లేరు. పనులు అయిపోయి చాలా కంపెనీలు మనుషుల్ని ఊళ్ళకు పంపేశాయి. ఆ గోల మధ్యలో అతని ఫోన్ వచ్చింది.

"అక్కా, టీవీల సూస్తున్న. లైట్లు ఏసిండ్రు. మస్తుగున్నది."

ఎలా ఉన్నావు తమ్ముడూ అన్నాను. వారానికి మూడుసార్లు జగిత్యాల ఆస్పత్రికి బస్సులో పోతున్నానని, మిషను మీద ఉన్నంతసేపు గోడకున్న టీవీ చూస్తానని చెప్పాడు. మిగతా రోజుల్లో వాళ్ళ బావమరిది కిరాణా కొట్లో కూర్చుంటాడట.

"ఒక్కడివే పోయి వస్తున్నావా?"

"ఒక్కన్నెందుకు? మా రూమోళ్ళు ఇద్దరు ఉండె గదా, నాతోని మీ కొట్టుకు అచ్చేటోళ్ళు? ఆళ్ళు గూడ గీడికే వస్తుండ్రు. ఒకడు ఎండకాలం అచ్చిండు, ఒకడు మొన్న. పక్కపక్క బెడ్లే. ముచ్చట్లు పెట్టుకుంట పండుకుంటం."

కౌంటరు దగ్గర ఎవరో జెర్సీ సైజు అడుగుతున్నారు. అటు నుంచి మిషను చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

"అక్కా, ఉన్నవా?"

"ఉన్నాను."

"సిస్టరమ్మ అచ్చింది. సూది పెడ్తదట. మళ్ళ చేస్త" అని పెట్టేశాడు.